వియ్యపురాలికి చెక్ చెప్పలేక

గెలిచిన ఆటను చేతులారా పాడుచేసుకుని, పైగా సంబరంగా తిరుగుతున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. పోయిన ఆదివారం గుడివాడలో, ఒక కల్యాణ మండపంలో, అంతమంది చూస్తుండగా చేసిన ఘనకార్యం ఇది. మీరు నవ్వుకున్నా నేనేమీ అనుకోను. మా ఇంట్లో వాళ్ళు ఇంకా నవ్వు ఆపలేదు.

ముందు మనుషులెవరో చెబుతాను. బందరులో లెక్కలు చెప్పి చెప్పి రిటైరైనదాన్ని, ఏదైనా మొదటి మెట్టు నుంచి చెప్పకపోతే నాకే తోచదు. మా అమ్మాయి సుధను గుడివాడ ఇచ్చాం. సుధ కూతురు మేఘన, పదకొండేళ్ళది, చదరంగం చాలా బాగా ఆడుతుంది. సుధ అత్తగారు నాకు వియ్యపురాలు. ఆవిణ్ణి నేను వదినగారూ అంటాను, ఆవిడా నన్ను వదినగారూ అనే అంటారు. పిలుపు ఒకటే గానీ లెక్క ఒకటి కాదండోయ్. ఆవిడ అబ్బాయి తల్లి, నేను అమ్మాయి తల్లిని. ఆవిడ లేచి నిలబడితే నేనూ లేస్తాను. ఆవిడ మొదటి ముద్ద కలిపాకే నేను కంచంలో చెయ్యి పెడతాను. ఆవిడ అడిగిందీ లేదు, అన్నదీ లేదు. సుధ పెళ్ళినాటి నుంచీ అలా జరిగిపోతోంది, అంతే.

మేఘనకు ఇంట్లో ఆడే తోడు లేక మా ఇద్దరికీ ఆట నేర్పింది. సెలవులకు బందరు వచ్చినప్పుడు నాకు, మిగతా ఏడాదంతా వాళ్ళ నానమ్మకు. ట్యూషన్ ఎవరికి ఎక్కువ పడిందో గమనించండి.

ఇప్పుడు అసలు సంగతి. మేఘనకు విశాఖపట్నంలో నాలుగు రోజుల పోటీ వచ్చింది. తోడుగా ఒక్క పెద్దమనిషినే గదిలో ఉండనిస్తారట. సుధ హాస్పిటల్లో స్టాఫ్ నర్సు, సెలవు దొరకదు. అల్లుడు రొయ్యల మేత కంపెనీలో ఉన్నాడు, ఈ సీజన్లో ఇంటికి భోజనానికి రావడమే గొప్ప. ఇక మిగిలింది అమ్మమ్మ, నానమ్మ.

నాకు వెళ్ళాలని ఎంత ఉందో మీకు చెప్పలేను. పిల్ల ఏడాదంతా వదినగారి దగ్గరే పెరుగుతుంది. నేను ఆదివారం రైలెక్కి వెళితే, దానికి కోచింగ్. అది ఇంటికొచ్చేసరికి నాకు రైలు టైము. దాని జడ వేసి ఎన్నాళ్ళయిందో! నాలుగు రోజులు పొద్దున్నే లేపడం, జడ వెయ్యడం, దాని పక్కన కూర్చుని టిఫిను తినడం. అంతకన్నా నాకేం కావాలి? కానీ పైకి ఏమన్నాను? "వదినగారు వెళితేనే బాగుంటుంది, పిల్ల అలవాట్లన్నీ ఆవిడకే తెలుసు" అన్నాను. ఆవిడేమన్నారు? "అబ్బే, వదినగారే వెళ్ళాలి, చదువుకున్నావిడ" అన్నారు. ఇద్దరి మొహాల్లో ఆశ మాత్రం స్పష్టంగా కనబడుతూనే ఉంది.

మేఘన విసుక్కుంది. "మీరిద్దరూ ఇలాగే అంటూ ఉంటే నా పోటీ అయిపోతుంది. గుడివాడలో ఓపెన్ టోర్నమెంట్ ఉంది, ఇద్దరూ ఆడండి. ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే వాళ్ళే నాతో వస్తారు. టై అయితే నానమ్మ వస్తుంది, నా బ్యాగ్ సర్దడం నానమ్మకు వచ్చు కాబట్టి."

అర్థమైంది కదా? టై అయితే ఆవిడే. అంటే నేను వెళ్ళాలంటే ఆవిడ కన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చుకుని తీరాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆదివారం పొద్దున ప్యాసింజర్లో పెడన, కవుతరం దాటుకుని గుడివాడ చేరాను. వియ్యాలవారి ఊరికి ఉత్త చేతులతో వెళ్ళను కదా, సంచిలో హల్వా డబ్బా. మండపం నిండా పిల్లలే. పెద్దవాళ్ళం పదిమంది ఉంటామేమో. నా మొదటి ఆట అవనిగడ్డ నుంచి వచ్చిన ఒక కుర్ర లాయరు గారితో. ఆయన నన్ను మర్యాదగా పలకరించి, మర్యాదగా ఓడించేశారు. తర్వాత ఆట కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులున్న పెద్దాయనతో. ముందు రోజు చెరువు గట్టునే జాగారం అట పాపం, తన వంతు వచ్చినప్పుడు బోర్డు వైపు చూస్తూ చూస్తూ కునుకు తీశారు. నేను దగ్గాను. కుర్చీ జరిపాను. లేవలేదు. గడియారంలో ఆయన టైము అయిపోయి నాకు పాయింటు వచ్చింది. గెలుపు గెలుపే, మీరు ఎగతాళి చెయ్యకండి.

అలా ఆడుతూ పోగా ఆఖరి రౌండుకు వచ్చేసరికి నాకూ వదినగారికీ పాయింట్లు సమానం. ఇలాంటి పోటీల్లో సమానంగా ఉన్నవాళ్ళకే ఒకరితో ఒకరికి ఆట వేస్తారు. ఎవరికెవరితో ఆటో రాసి గోడ మీద అంటించిన జతల కాగితం చూసిన మేఘన ఎగిరి గంతేసింది. "అమ్మమ్మ వర్సెస్ నానమ్మ! ఫైనల్!"

బల్ల దగ్గరకు వెళ్ళాను. చెయ్యి కలపాలట. నేను నమస్కారం పెట్టాను, ఆవిడా పెట్టారు. ఆవిడ కూర్చునేదాకా నిలబడి, తర్వాత కూర్చుని, హల్వా డబ్బా తీసి బల్ల మీద ఆవిడ వైపు జరిపాను.

"అయ్యో, ఎందుకండీ వదినగారూ ఇవన్నీ!"

"ఏముందండీ, పిల్లలకు..."

ఆర్బిటర్ అనే కుర్రాడు, అంటే ఆటలో తీర్పరి, వచ్చి డబ్బా వైపు చూశాడు. "మేడమ్, బోర్డు దగ్గర ఈటబుల్స్ పెట్టకూడదండీ." డబ్బా నా కుర్చీ కిందకు వెళ్ళింది. ఆట మొదలు.

వదినగారివి తెల్లపావులు. రెండో ఎత్తులోనే ఒక బంటును నా ముందుకు తోసి పెట్టారు. తింటే తినచ్చు, కాపలా ఏమీ లేదు. ఆ బంటును తీసుకుంటే ఆవిడ పావులకు దార్లు తెరుచుకుంటాయని మేఘన నాకు ఎన్నోసార్లు చెప్పింది. అది గుర్తుంది కూడా. కానీ ఎదురుగా వదినగారు చిరునవ్వుతో కూర్చున్నారు. వియ్యాలవారు పెట్టింది వద్దనడం ఏం బాగుంటుంది? తీసుకున్నాను.

తీసుకున్నాక చూడండి నా తిప్పలు! ఆవిడ శకటాలు, గుర్రాలు, మంత్రి బయటికొచ్చి నా రాజు గుమ్మం ముందు నిలబడ్డాయి. పైగా ఆవిడ తన ఎత్తు వేసి, గడియారం నొక్కి, మంచినీళ్ళకని లేచారు. ఆవిడ లేస్తే నేను కూర్చుంటానా? లేచి నిలబడ్డాను. గడియారం ఎవరిది తిరుగుతోంది? నాది! ఆలోచించాల్సిన టైములో నేను చేతులు కట్టుకుని నిలబడి, ఆవిడ తిరిగొచ్చేదాకా అటే చూస్తున్నాను. చూసేవాళ్ళకు అడ్డంగా కట్టిన తాడు అవతల నుంచి మేఘన చేతులతో కూర్చో కూర్చో అని సైగలు. పిల్ల ఏదో ఉత్సాహపరుస్తోందనుకుని తలూపాను.

ఇక్కడ వదినగారు ఒక పొరపాటు చేశారు. మూలన ఉన్న నా ఏనుగును చూసి మంత్రిని అంతదూరం పంపి తినేశారు. ఏనుగు పోయింది, నిజమే. కానీ ఆవిడ మంత్రి వెనక్కి రావడానికి ఒక్కటే దారి. నా క్లాసులో వెనక బెంచీ పిల్లలు జారుకునేటప్పుడు నేను గుమ్మంలో నిలబడేదాన్ని, మాట్లాడకుండా. అలాగే నా గుర్రాన్ని తెచ్చి ఆ దారిలో నిలబెట్టాను. నాలుగైదు ఎత్తుల్లో మంత్రి చిక్కింది.

ఇక లెక్క తేలిక. నాకు బలం ఎక్కువ, ఆవిడకు తక్కువ. అలాంటప్పుడు పావుకు పావు మార్చుకుంటూ పోవాలి. ఎందుకో చూడండి: పదికి ఎనిమిది అంటే పెద్ద తేడా అనిపించదు. రెండువైపులా ఏడేసి తీసేయండి, మూడుకు ఒకటి! తేడా అదే రెండు, కానీ ఇప్పుడు మూడింతల బలం. నేను అలాగే మార్చుకుంటూ పోయాను. మధ్యలో ఒకసారి ఆవిడ రాజుకు చెక్ పెట్టాల్సి వచ్చింది. పోటీలో పైకి చెప్పక్కర్లేదట గానీ, మేఘన ఇంట్లో మాకు చెప్పడమే నేర్పింది. నోరు ఊరుకుంటుందా?

"చెక్ అండీ... ఏమీ అనుకోకండి వదినగారూ."

"అబ్బే, పర్వాలేదండీ."

ఆర్బిటర్ మళ్ళీ వచ్చాడు. "మేడమ్, ప్లీజ్, మాట్లాడకూడదు."

నాకు ప్రాణం చచ్చినంత పనైంది. ఎంతమంది పిల్లల్ని నిశ్శబ్దంగా ఉండండని కూర్చోబెట్టానో, ఇప్పుడు నేనే చెప్పించుకుంటున్నాను.

చివరికి వదినగారి దగ్గర రాజు ఒక్కడే మిగిలాడు, అదీ మూల గడిలో. నా దగ్గర రాజు, మంత్రి. బోర్డు గీసి చూపిస్తే బాగుండేది, మాటల్లోనే చెబుతాను. మూలన ఆవిడ రాజు. దగ్గర్లో నా రాజు కాపలా. నా మంత్రి కింద నుంచి నిలువుగా పైకి వచ్చి, ఆవిడ రాజుకు ఐమూలగా ఆనుకున్న గడిలో వాలితే చాలు. ఆ రాజు నా మంత్రిని తినలేడు, నా రాజు కాపలా ఉన్నాడు. పక్కకు పోలేడు. చెక్‌మేట్. ఆట నాది, విశాఖపట్నం నాది, జడ నాది!

మంత్రి మీద చెయ్యి వేశాను. తలెత్తి చూశాను.

అదే పొరపాటు. చూడకుండా ఉండాల్సింది. వదినగారు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నారు. ఆవిడ వెనక అన్నయ్యగారు, అంటే మా వియ్యంకుడు గారు. ఆయన పక్కన వాళ్ళ వీధిలో వాళ్ళు, ఆవిడ ఆడుతున్నారని చూడటానికి వచ్చినవాళ్ళు. ఇంతమంది ముందు, ఆవిడ ఊళ్ళో, అబ్బాయి తల్లిని, మీదకెళ్ళి ఆనుకుని నిలబడి చెక్‌మేట్ అనడమా? నా చెయ్యి ఒప్పుకోలేదండీ. ఒక్క గడి ఇవతల ఆపుదాం, ఎలాగూ ఆవిడకు దారి లేదు, ఆవిడే చూసుకుని 'ఇక చాలండీ' అని గౌరవంగా లేస్తారు, అనుకున్నాను. మంత్రిని ఒక గడి ఎడంగా, మర్యాదగా నిలబెట్టాను. గడియారం నొక్కాను. నా పెద్దరికానికి నాకే ముచ్చటేసింది.

వదినగారు బోర్డు చూశారు. రాజును పట్టుకోబోయి ఆగారు. అటు చూశారు, ఇటు చూశారు. చెయ్యెత్తి ఆర్బిటర్ని పిలిచారు.

"బాబూ, నా రాజుకు చెక్ లేదు. కదలడానికి గడీ లేదు. నేనేం చెయ్యాలి?"

ఆ అబ్బాయి వంగి చూసి అన్నాడు. "స్టేల్‌మేట్. డ్రా అండీ."

డ్రా! చెక్ పడకుండా, కదలడానికి దారీ లేకపోతే ఆట సగం సగం. ఈ నియమం నాకు తెలియదనుకునేరు. మేఘనకు తిరిగి అప్పజెప్పాను కూడా! ఆ ఒక్క గడి ముందుకెళ్ళి ఉంటే గెలుపు. ఇవతల ఆగాను కాబట్టి టై. టై అయితే ఎవరు వెళతారో ముందే చెప్పాను కదా. గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

నవ్వుతూనే లేచాను. కానీ కుర్చీ కింద నుంచి హల్వా డబ్బా తీసి ఆవిడ చేతికిచ్చేటప్పుడు మొహం చూడలేకపోయాను.

మేఘన మమ్మల్ని వదలదే! మండపం వెనక భోజనాల హాల్లోకి లాక్కెళ్ళి, పొడుగుబల్ల మీద బోర్డు పరిచి, మొదటి ఎత్తు నుంచి మళ్ళీ పేర్చింది. అన్నయ్యగారు పేపరు కప్పుల్లో టీలు తెచ్చారు. అది టీచరు, మేం పిల్లలం.

"అమ్మమ్మా, ఫస్ట్ మిస్టేక్. ఈ బంటు ఎందుకు తిన్నావ్?"

"పెట్టారు కదే."

"పెడితే?"

"పెద్దావిడ అంత చనువుగా ముందుకు జరిపితే వద్దంటే ఏం బాగుంటుందే!"

వదినగారు టీ పొలమారి దగ్గారు. "వదినగారూ! అది మర్యాద కాదండీ, ఎర!"

"నువ్వు నవ్వకు నానమ్మా. ఈ ఏనుగును ఎందుకు తిన్నావ్?"

"మూల ఊరికే పడి ఉందే. చూస్తూ చూస్తూ వదిలేస్తానా?"

"రిటర్న్ టికెట్ లేకుండా వెళ్ళావ్. మీ ఇద్దరితో చాలా కష్టం. ఒకళ్ళు పెట్టింది వదలరు, ఒకళ్ళు పడి ఉన్నది వదలరు."

ఆ తర్వాత, ఆవిడ నీళ్ళకు లేచినప్పుడు నేనెందుకు నిలబడ్డానని అడిగింది. చెప్పాను. తల పట్టుకుంది. చివరి ఎత్తుకు వచ్చింది.

"ఇక్కడ మేట్ ఉంది. నీకు కనబడలేదు, కదా?"

కనబడలేదంటే సరిపోయేది. కానీ లెక్కలో పిల్లలు అడిగితే తప్పు సమాధానం చెప్పడం నాకు చేతకాదు.

"కనబడింది."

"కనబడిందా? మరి?"

"అంతమందిలో మీ నానమ్మను... ఎలాగే? ఒక గడి ఎడంగా పెడితే ఆవిడే లేస్తారనుకున్నాను."

అన్నయ్యగారు కప్పు వైపు చూస్తూ మీసాల్లో నవ్వుతున్నారు. వదినగారు మాత్రం నవ్వలేదు. కప్పు కింద పెట్టారు.

"నాకు చెక్ చెప్పలేక ఆపేశారా?"

"ఏమీ అనుకోకండి..."

"అనుకోవడమేంటండీ! మీ అమ్మాయి వంటింట్లో పూటకోసారి చెక్ పెడుతుంది నాకు. ఉప్పు తగ్గించండి, బీపీ మాత్ర వేసుకోండి, టీవీ కట్టెయ్యండి. నాకేం కొత్తా?"

ఈసారి అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆవిడ కుర్చీ నా వైపు జరుపుకుని, కొంచెం గొంతు తగ్గించారు.

"మా ఇంటికి ఇన్నేళ్ళుగా వస్తున్నారు. ఎప్పుడొచ్చినా కుర్చీ అంచునే కూర్చుంటారు. నాకు తెలియదనుకున్నారా? ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఇవాళ ఆటలో మీరు నిండుగా కూర్చుని, నా మంత్రిని పట్టేసుకున్నారు చూడండి, నాకు కోపం రాలేదు వదినగారూ. ఇదిగో, ఇప్పటికి ఈవిడ నా ఎదుట కూర్చున్నారు అనుకున్నాను."

టీ కప్పు తిప్పుతూ కూర్చున్నాను.

"విశాఖపట్నం మీరే వెళ్ళండి. పిల్ల నాకు రోజూ ఉంటుంది."

"అయ్యో, వద్దండీ! డ్రా అయితే మీరేనని ముందే అనుకున్నాం. మాట మాటే."

"ఆట మీది. గెలిచి ఆపారు."

"ఆపింది నేనే కదండీ. మీరే వెళ్ళాలి."

"కాదు, మీరే."

"కాదండీ, మీరే..."

మేఘన బల్ల మీద చేత్తో కొట్టింది. "స్టాప్! అమ్మమ్మా, నానమ్మ పెట్టింది తీసుకో. ఇది ఎర కాదు."

తీసుకున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ డ్రాకు, ఆవిడకు, ఆ హాల్లో టీకి కూడా నేను రుణపడి ఉన్నానంటే నమ్మండి. నేను చెక్‌మేట్ చేసి ఉంటే పిల్లతో వెళ్ళే హక్కు వచ్చేది. డ్రా చేసుకున్నాను కాబట్టి, పిల్లతో పాటు వదినగారు కూడా నాకు దొరికారు. బయల్దేరేరోజు ఆవిడే బ్యాగు సర్ది, ఏ జిప్పులో ఏముందో నాకు రెండుసార్లు అప్పజెప్పించుకుని, స్టేషన్‌కు వచ్చి రైలు కదిలేదాకా కిటికీ పట్టుకునే ఉన్నారు. "జడ గట్టిగా లాగితే అరుస్తుంది, కానీ వదులుగా వేస్తే ఊడిపోతుంది. అరవనివ్వండి" అని చెప్పి పంపారు. నిజమే. పొద్దున అరిచింది.

ఇప్పుడు విశాఖపట్నంలో ఆట జరిగే హాలు బయట, తోడొచ్చిన పెద్దవాళ్ళకు వేసిన కుర్చీల్లో కూర్చుని ఇదంతా రాస్తున్నాను. లోపలికి వెళ్ళేముందు మేఘన నాకు ఒక్కటే కండిషన్ పెట్టింది: "అమ్మమ్మా, ఇక్కడ ఎవరితోనూ వరసలు కలపకు. తర్వాత నేను వాళ్ళ పిల్లల్ని ఓడిస్తే నువ్వు ఫీలవుతావ్." సరేనన్నాను. ఒట్టు కూడా వేశాను.

ఆ మాట మీద చాలాసేపే నిలబడ్డానండీ. పక్క కుర్చీలో కాకినాడ నుంచి వచ్చిన ఒకావిడ ఉన్నారు. చాలా మంచి మనిషి. ఆవిడకూ మోకాళ్ళ నొప్పే, నాకూ మోకాళ్ళ నొప్పే, ఇద్దరికీ పడినది ఒకటే ఆయింట్‌మెంటు. అంత కలిసినప్పుడు ఏమండీ అని పిలవడానికి నోరెలా వస్తుంది? ఇందాకే అక్కయ్యగారూ అన్నాను. ఆవిడ కూడా చెల్లెమ్మా అన్నారు. తర్వాత మాటల్లో ఆవిడ మనవరాలి పేరు అడిగి, గోడ మీద అంటించిన జతల కాగితం చూసి వచ్చాను.

లోపల మేఘన ఎదురుగా కూర్చున్నది ఆ పిల్లే.